హ్యాండిల్ లేని వంటగది

మూడేళ్ళు ఒక గీత గీశానండీ నేను. ఇటలీలోని మా తూరిన్‌లో ప్రదర్శనకు పెట్టిన నమూనా కారు మీద ముందు దీపం నుంచి వెనక దీపం దాకా ఒకే గీత. మధ్యలో డోర్ హ్యాండిల్ అనే అడ్డే లేదు. చెయ్యి ఊపితే తలుపు తెరుచుకునేది. జనం చప్పట్లు కొట్టారు. మా ఆవిడ ఫియొరెంజా మాత్రం, "రెండు చేతుల్లో సంచులుంటే ఏం ఊపాలి, తోకా?" అంది.

తర్వాత ఆ కారును అమ్మకానికి ఖరీదైన ఎస్‌యూవీగా మార్చే పని చీఫ్ ఇంజనీరు బొస్తిక్కోగారికి అప్పజెప్పారు. ఆఫీసులో ఆయన్ని కత్తెర బొస్తిక్కో అంటాం. చక్రాలు చిన్నవి చేశాడు, ఊరుకున్నాను. కప్పు నాలుగు వేళ్ళు లేపాడు, ఓర్చుకున్నాను. పక్క అద్దాల బదులు నేను పెట్టిన కెమెరాలు పీకి మళ్ళీ అద్దాలే పెట్టాడు, బాత్రూములో ఏడ్చి వచ్చాను. చివరికి నా గీత మీదికే వచ్చాడు.

"జనవరిలో మంచు పట్టిన తలుపు మా ఆవిడ ఎలా తియ్యాలయ్యా, ఎర్మేతే? గీత మధ్యలో హ్యాండిల్ పెట్టాల్సిందే. సోమవారం డ్రాయింగు మీద సంతకం పెట్టేస్తా."

"మా వంటగదిలో ఒక్క హ్యాండిల్ కూడా లేదు సార్! మా ఆవిడ హాయిగా వండుకుంటోంది. ఆదివారం భోజనానికి వచ్చి చూడండి" అనేశాను. నిజానికి ఇరవయ్యారున్నాయి.

శనివారం ఫియొరెంజా సంతకు వెళ్ళగానే అన్నీ ఊడబెరికాను. నొక్కితే తెరుచుకునే స్ప్రింగులు బిగించాను. మిగిలిన కంతలను మేం కారు నమూనాలు చేసే, మైనం కలిపిన గోధుమరంగు మట్టితో పూడ్చాను. ఓవెన్ తలుపుకు మాత్రం స్ప్రింగు కుదరలేదు. పోనీలే అని హ్యాండిల్ లేకుండానే వదిలేశాను.

ఆవిడ వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. "దొంగలు హ్యాండిళ్ళు మాత్రమే ఎత్తుకెళ్ళారా?"

"ఇది డిజైన్, ఫియొరెంజా! ఒక్క రోజు ఓర్చుకో. నా గీత ప్రాణం నీ చేతిలో ఉంది."

"దానికి ప్రాణముంటే రేపు వచ్చి వండమను" అంది. ఆపైన కత్తెర తీసుకుని పడగ్గదిలోకి వెళ్ళింది. నేను అప్పుడే భయపడాల్సింది.

ఆదివారం బొస్తిక్కోగారు వచ్చారు. ఫియొరెంజా నడుం తగిలి ఒక అల్మరా తెరుచుకుంది. దాన్ని మూయబోతే మోచెయ్యి తగిలి ఇంకోటి తెరుచుకుంది. బొస్తిక్కోగారు కుర్చీ వెనక్కి జరిపితే సొరుగొకటి వచ్చి వీపులో పొడిచింది.

"ఇల్లు మంచి హుషారుగా ఉందయ్యా" అన్నారాయన.

ఇంతలో వంట వేడికి మట్టి కరిగి కారడం మొదలైంది. ఆయన దాన్ని మా ఊరి హేజెల్‌నట్ చాక్లెట్ అనుకుని వేలితో తీసి నోట్లో పెట్టుకున్నారు. "తీపి తగ్గిందమ్మా" అన్నారు పాపం, మర్యాదగా.

అప్పుడొచ్చింది మాడు వాసన. ఓవెన్‌లో మాంసం! నేను పది గోళ్ళతో తలుపు గీకుతున్నాను, అది కదలదు. మాంసంతోపాటు నా మూడేళ్ళ కష్టమూ మాడిపోతోంది.

"జరుగు" అంది ఫియొరెంజా. మందపాటి చేతి తొడుగుతోనే తలుపు పైనున్న నల్ల పట్టీ కింద రెండు వేళ్ళు పెట్టి లాగింది. తలుపు వచ్చేసింది. లోపల కనపడకుండా ఓ తోలు ముక్క బిగించి ఉంది.

"అది నా బెల్టు!"

"నిన్ననే కోశా." బొస్తిక్కోగారి వైపు తిరిగింది. "కారుక్కూడా కిటికీ కింద నల్ల పట్టీ ఉంటుంది కదండీ. హ్యాండిల్ అక్కడ పెట్టండి. గీత జోలికి మాత్రం వెళ్ళకండి. మూడేళ్ళుగా ఈ మనిషి నిద్రలో కూడా దుప్పటి మీద దాన్నే గీస్తున్నాడు."

ఆయన తొడుగు వేసుకుని ఓవెన్ తలుపు నాలుగుసార్లు తెరిచి మూశారు. సోమవారం హ్యాండిల్ నల్ల పట్టీలోకి వెళ్ళింది. నా గీత చెక్కుచెదరలేదు.

ఇంటికి వచ్చి ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాను. "నీ రుణం తీర్చుకోలేను ఫియొరెంజా. నా మూడేళ్ళూ నిలబెట్టావు" అన్నాను. నిజంగానే కళ్ళు చెమర్చాయి.

"సర్లే" అంది, తనూ కళ్ళు తుడుచుకుంటూ. "అవునూ, వెనకవైపు అంత ఏటవాలుగా గీశావు కదా, డిక్కీలో పసిపిల్లల తోపుడు బండి పడుతుందా?"

నేను కాగితం, పెన్సిలు తెచ్చుకుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాను.