పద్నాలుగో గడిలో టిక్కు

వైరస్‌లన్నిటిలోకీ క్రమశిక్షణ గలది హెచ్‌ఐవీయేనని ఒక దేశం అధికారికంగా కనిపెట్టింది. ఆ దేశం పేరు రాయను. (రాస్తే నాకూ వీసా రాదు.) అక్కడికి తొంభై రోజుల్లోపు చూసిపోవడానికి వచ్చేవాళ్లకు రక్తపరీక్ష లేదు. ఉద్యోగానికి వచ్చేవాళ్లకు ఉంది. అంటే తొంభయ్యో రోజు సాయంత్రం దాకా ఈ వైరస్ బుద్ధిగా పర్యాటక స్థలాలు చూసుకుని, తొంభై ఒకటో రోజు పొద్దున లేచి దేశభద్రత మీద పడుతుందన్నమాట.

చెన్నై పురసవాక్కంలో మా కింది వాటాలో ఉండే అలివేలుకు ఈ శాస్త్రం తెలియదు. ఆమె బడిలో ఆయా. భర్త ఆ జబ్బుతోనే పోయాడు. తనకూ ఉంది. పన్నెండేళ్లుగా రోజూ మాత్ర వేసుకుంటోంది, ఒక్కరోజు తప్పలేదు. వైరస్ పరీక్షకు కూడా దొరకనంతగా అణిగిపోయిందని డాక్టర్లు కాగితం ఇచ్చారు. ఆ దేశంలో నర్సుగా పనిచేసే కూతురు వర్షిణికి ఇప్పుడు తొమ్మిదో నెల, తొలికాన్పు. అల్లుడిది ఓడ మీద పని, రాలేడు. పురిటికి తల్లి వెళ్లాలి.

వీసా ఫారం నింపిన పాపాత్ముణ్ణి నేనే. పద్నాలుగో గడిలో ‘మీకు హెచ్‌ఐవీ ఉందా?’ అని ఉంది. నా పెన్ను ఆగింది.

“ఉండాదనే రాయండి సార్. దాచొద్దని మాత్రలిచ్చే సెంటర్లో కలైసెల్వి మేడమ్ ఎన్నిసార్లు చెప్పిందో” అంది అలివేలు. ‘ఉంది’ మీద టిక్కు పెట్టాను.

వారం తిరక్కుండా వీసా కేంద్రం నుంచి పిలుపు వచ్చింది. ఇద్దరం వెళ్లాం. కౌంటర్లో భాష్యం గారు, సీనియర్ పరిశీలకులు. (జూనియర్ పరిశీలకులు పరిశీలించిన వాటిని ఈయన పరిశీలిస్తారు.) మన తెలుగువారే. గొంతు తగ్గించారు.

“ఏంమా, ఇట్ట చేసినావు? ఉందని టిక్కు పెట్టినావే!”

“ఉండాది కద సార్.”

“ఉంటే ఉండనీ. ఆడ ఎవురూ రక్తం చూడరు. లేదని పెట్టుంటే ఈ పాటికి వీసా వచ్చేసుంటాది.”

“అప్పురం, మళ్ల ఎందుకు సార్ అడిగేది?”

“సుమ్మా, ఊరికే అడిగేదే మా. నిజం చెప్పేవాళ్లని ఆపేదానికి.”

ఇందులో ఎగతాళి లేదు, నియమమే అది. ఉందన్నవాళ్లను రానివ్వరు, లేదన్నవాళ్లను నమ్ముతారు. భాష్యం గారు దయగల మనిషి. కొత్త ఫారం తీసి ముందు పెట్టారు. అలివేలు పెన్ను తీసుకుంది. కూతురి కోసం ‘లేదు’ మీద టిక్కు పెట్టింది. నాకు సిగ్గేసింది.

“ఇప్పుడు సరి. సామాన్లో ఏమేమి తీసకపోతావు?” అన్నారాయన.

“బాలింత లేహ్యం సార్. ముప్పై దినుసులు, నేనే గరిటె పెట్టి కలిపి కిండినా. అప్పురం నా మాత్రలు.”

లేహ్యానికి అభ్యంతరం లేదు. అందులో ఏముందో అలివేలుకు తప్ప ప్రపంచంలో ఎవరికీ తెలియదు గనక అది ఆహారం. మాత్రల డబ్బా మీద మందు పేరు, తయారీ తేదీ, పక్కన డాక్టరు చీటీ అన్నీ ఉన్నాయి గనక అది సాక్ష్యం. అక్కడి విమానాశ్రయంలో దొరికితే తిరుగు విమానమే.

“మాత్రలు ఈడనే పెట్టేసి పో మా. మూడు నెలలే కద.”

“ఆపితే అణిగిండేది మళ్లా లేస్తాది సార్. ఆడ నేను పడిపోతే బాలింతను ఎవురు చూస్తారు?”

“జబ్బు లేదని రాసినావు కద. లేనోళ్లకి మాత్రలు ఎందుకు మా?”

వైరస్ అంటే అంత భయపడే దేశం కోరేది ఇంతే: మీరు రండి, దాన్ని అణిచిపెట్టే మందు మాత్రం ఇంట్లో వదిలి రండి. నాకు ఒళ్లు మండింది. (దానికి ఫారం లేదు.) అలివేలు అరవలేదు. రెండో ఫారాన్ని నిలువునా చించి, ముక్కలు ఆయన బల్ల మీదే పెట్టింది. ‘దరఖాస్తుదారు స్వచ్ఛందంగా ఉపసంహరించుకున్నారు’ అని భాష్యం గారు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నారు.

లేహ్యం మాత్రం వెళ్లింది, తెలిసినవాళ్ల పెట్టెలో. వర్షిణి ఒక్కతే టాక్సీలో ఆసుపత్రికి వెళ్లి ఆడపిల్లను కన్నది. అలివేలు ఆ పిల్లను ఫోన్లో చూసింది.

లేహ్యం వెళ్లిన విమానంలో రెండొందల పద్దెనిమిది మంది ఉన్నారు. వాళ్లలో చూసిపోవడానికి వెళ్లేవాళ్లందరూ పద్నాలుగో గడిలో ‘లేదు’ అన్నవాళ్లే. వాళ్ల రక్తం ఎవరూ చూడలేదు. తమ దేశంలో ఈ జబ్బు లేదని అక్కడి ప్రభుత్వం మొన్ననే మరోసారి ప్రకటించింది.