మరపెరుగని మంచినీళ్ళ శాఖ

ఊరి మంచినీళ్ళ శాఖవారి వెబ్‌సైటు ఇకమీదట దేన్నీ మరిచిపోదని సగౌరవంగా ప్రకటించారు. ప్రకటన సభకు పౌరులు విరివిగా వచ్చారు. ఇంట్లో ఉంటే కుళాయి కేసి చూస్తూ కూర్చోవాలి, అంతకంటే సభే నయమని వారి అభిప్రాయం.

ఆ వెబ్‌సైటు వెనకున్న ప్రోగ్రాము రాసినావిడను ఆఫీసులో సెమికోలనమ్మ అంటారు. ఒకసారి ఆవిడ ప్రోగ్రాములో ఒక సెమికోలన్ తప్పిపోతే, దాన్ని వెతకడానికి శాఖ యావత్తూ పని మానుకుంది. పని మానుకోవడానికి అంత గౌరవప్రదమైన కారణం దొరకడం అదే మొదలు గనక, కృతజ్ఞతతో ఆ పేరు పెట్టారు.

సంగతేమిటంటే, ఊరు ఊరంతా వెబ్‌సైటును అడిగే ప్రశ్న ఒక్కటే: మా వీధికి నీళ్ళెప్పుడు? అందరూ ఒక్కసారే అడిగేసరికి అసలు డేటాబేసు గుడ్లు తేలేసేది. అందుకని సెమికోలనమ్మ సి అనే కంప్యూటరు భాషలో ఎవరో రాసిపెట్టిన ప్రోగ్రాముల మూటను, అంటే ఒక లైబ్రరీని పట్టుకుని, దానిచేత మూడు జ్ఞాపకపు సర్వర్లతో మాట్లాడించింది. ఒక వీధి గురించి డేటాబేసు ఒకసారి చెప్పిన జవాబును ఆ మూడింటిలో ఏదో ఒకటి గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత ఎవరడిగినా అదే అప్పజెబుతుంది. ఏ వీధి జవాబు ఏ సర్వరు దగ్గరుందో, వీధి నంబరును సర్వర్ల సంఖ్యతో భాగించి లైబ్రరీయే లెక్కగట్టి చూసుకుంటుంది. గంట దాటితే జవాబు చెరిగిపోతుంది, డేటాబేసును మళ్ళీ కొత్తగా అడగాలి. ఆ గడువు పెట్టింది ఆవిడే. నీళ్ళ సంగతి గంటకో రకంగా ఉంటుంది కదా అని ఆవిడ అమాయకత్వం.

గడువు సంగతి తెలిసి డైరెక్టరుగారు నొచ్చుకున్నారు. సభలో మైకు సవరించుకుని ఇలా సెలవిచ్చారు: "ప్రజలకిచ్చిన మాటను గంటలో మరిచిపోయే యంత్రాన్ని ఈ శాఖ భరించదు. మరిచిపోవడం మనుషుల బలహీనత. నేనూ మనిషినే. అందుకే నా తరఫున యంత్రాన్ని గుర్తుపెట్టుకోమని ఆదేశిస్తున్నాను."

గడువు తీసేస్తే పాత జవాబే ఉండిపోతుందని సెమికోలనమ్మ సభ ముగిశాక మెల్లగా విన్నవించింది. పాతదెప్పుడూ మంచిదేనమ్మా అన్నారాయన. ఆవిడ గడువు స్థానంలో సున్నా పెట్టింది. సర్వరు భాషలో సున్నా అంటే శాశ్వతం. ఈ ఒక్క విషయంలో సర్వరుకూ శాఖకూ చక్కగా పొత్తు కుదిరింది.

మరునాడే పెద్ద పైపు పగిలింది. ఊరికి నీళ్ళు ఆగిపోయాయి. డేటాబేసు ఆ సంగతి బుద్ధిగా నమోదు చేసుకుని, ఎవరైనా అడుగుతారేమోనని ఎదురుచూసింది. ఎవరూ అడగలేదు. అడగవలసినవారందరికీ సర్వర్లే 'ఉదయం ఆరింటికి' అని భరోసా ఇచ్చేస్తున్నాయి.

వెబ్‌సైటు ఒకటి చెబుతోంది, పైపు ఇంకొకటి చేస్తోందని వాల్వు తిప్పే ఆయన వచ్చి మొరపెట్టుకున్నాడు. డైరెక్టరుగారు విచారణ జరిపి, తప్పు పైపుదేనని తేల్చారు. వెబ్‌సైటు చెప్పిన వేళకు వాల్వు తిప్పకపోతే క్రమశిక్షణ చర్య తప్పదన్నారు. అప్పటినుంచి ఆయన రోజూ ఆరింటికల్లా వెళ్ళి, ఎండిన పైపుకు శ్రద్ధగా వాల్వు తిప్పి వస్తున్నాడు. సమయపాలనకు ప్రశంసాపత్రం కూడా అందుకున్నాడు.

తంటా సెమికోలనమ్మ ఇంటికీ వచ్చింది. వాళ్ళ అత్తగారు తెల్లవారుతూనే ఫోను చూసుకుని, కుళాయి కింద బకెట్టు పెట్టి, పక్కనే కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది.

"అత్తయ్యా, నీళ్ళు రావు. అది పాత జవాబు."

"నువ్వు రాసిందేగా?"

"నేనే రాశాను."

"మరి నువ్వు ఇంట్లో ఒకటి చెప్పి, ఆఫీసులో ఇంకొకటి రాస్తే, నేను జీతమొచ్చే మాటనే నమ్మాలి కదమ్మా."

అత్తగారికి ఎదురు జవాబు వెతుక్కోవడం సెమికోలనమ్మకు అలవాటే గానీ, ఈసారి వెతకబుద్ధి కాలేదు. సరాసరి ఆఫీసుకు వెళ్ళి, ఉద్యోగం పోతే పోయిందనుకుని, గడువు మళ్ళీ పెట్టనివ్వమని అడిగింది. డైరెక్టరుగారు సుదీర్ఘంగా ఆలోచించి, సర్వర్లకు జ్ఞాపకశక్తి చాలకే ఇదంతా జరుగుతోందని కనిపెట్టి, నాలుగో సర్వరు కొన్నారు. అది ఆయన బావమరిది దుకాణంలోనే దొరకడం శాఖ అదృష్టం.

నాలుగోది చేరగానే లైబ్రరీ లెక్క తారుమారైంది. మూడుతో భాగించినప్పుడు ఒక సర్వరుకు వెళ్ళిన వీధి, నాలుగుతో భాగించేసరికి మరో సర్వరు గుమ్మంలో తేలింది. మీరెవరో నాకు తెలియదు పొమ్మంది ఆ సర్వరు. గత్యంతరం లేక ప్రోగ్రాము డేటాబేసును అడిగింది. అది ఉన్నమాట కక్కేసింది. పొద్దెక్కేసరికి ఊళ్ళో ముప్పాతిక వీధులకు ఒకటే జవాబు: నీళ్ళు లేవు. బావమరిది చేతి చలవ వల్ల శాఖ మొట్టమొదటిసారిగా నిజం చెప్పింది.

సెమికోలనమ్మకు పట్టరాని సంతోషం కలిగింది. ఆ సంతోషం తీరకముందే జనం ఖాళీ బకెట్లతో ఆఫీసు గేటు దగ్గర చేరారు. డైరెక్టరుగారు బల్ల కింద ఏదో పడిపోయిందని వెతుక్కుంటూ, వెళ్ళి మాట్లాడమని ఆవిణ్ణి పంపారు. చూస్తే గుంపుకు ముందు నిలబడింది అత్తగారే.

పైపు పగిలిందనీ, ఇన్నాళ్ళూ చూసింది అబద్ధమనీ, ఇప్పుడు కనిపిస్తున్నదే నిజమనీ, కాబట్టి పైపు బాగుచేయించమని గట్టిగా అడగమనీ సెమికోలనమ్మ గొంతు పోయేలా వివరించింది. అంతా ఓపిగ్గా విన్నారు. అత్తగారు బకెట్టు కింద పెట్టింది.

"నీళ్ళు రావడం లేదని మాకు తెలియదా అమ్మా? కుళాయి తిప్పితే అదే చెబుతుంది. దానికి వెబ్‌సైటెందుకు? పొద్దున్నే లేచి చూసుకుంటే, నీళ్ళొస్తాయని ఉండేది. మనసుకు నిబ్బరంగా ఉండేది. అదీ ఊడబెరికారు. మా పాతది మాకిచ్చేయండి."

ఇచ్చేయాల్సిందేనంది గుంపు. పైపు మాట ఎవరూ ఎత్తలేదు.

సెమికోలనమ్మ లోపలికి వెళ్ళి లైబ్రరీ జాబితాలోంచి నాలుగో సర్వరు పేరు తీసేసింది. లెక్క మళ్ళీ మూడుకొచ్చింది. పాత జవాబులను ఎవరూ చెరపలేదు గనక ఎక్కడివక్కడే భద్రంగా ఉన్నాయి. క్షణంలో ఊళ్ళోని ప్రతి వీధికీ తెరమీద నీళ్ళొచ్చేశాయి. గేటు బయట చప్పట్లు మోగాయి. జనం ఫోన్లు చూసుకుంటూ, ఖాళీ బకెట్లు ఊపుకుంటూ తృప్తిగా ఇళ్ళకు మళ్ళారు.

వెళ్తూ వెళ్తూ అత్తగారు కిటికీ దగ్గర ఆగింది.

"ఎలాగూ నీ చేతిలో పనేగా. సాయంత్రం కూడా నీళ్ళొచ్చే వేళ ఒకటి పెట్టమ్మా."

సెమికోలనమ్మ పెట్టింది.