పస్తుల ఫ్లాస్కు

ఆ ఉదయం ధీమా వేసుకున్న పథకంలో మెలికలేమీ లేవు. పొద్దున్నే ప్రయోగశాలకు వెళ్ళాలి, తనిఖీకి వచ్చే పరీక్షకుడికి మైక్రోస్కోపులో తన బాక్టీరియాను చూపించాలి, మధ్యాహ్న భోజనానికి ముందే ప్రాజెక్టుకు మూడేళ్ళ పొడిగింపు పుచ్చుకోవాలి. ఆవిడ అసలు పేరు జీతాల విభాగానికి తప్ప ఎవరికీ గుర్తులేదు. కొంప మునుగుతున్నా తొణకదు కనక అందరికీ ధీమాయే.

ఆవిడ పెంచేది మట్టిలో బతికే బాక్టీరియా. ఎవరి జోలికీ పోదు. తిండి ఉన్నంతకాలం తిని, ఈది, రెండుగా చీలి హాయిగా ఉంటుంది. తిండి అయిపోయిందంటే మాత్రం అసలు బుద్ధులు బయటపడతాయి. ఒకే తల్లి పిల్లలైన కణాలే తలో దారి పడతాయి. కొన్ని జిగురు తయారుచేసి అందరినీ అంటిపెట్టుకుని కూర్చుంటాయి. కొన్ని పక్కవాళ్ళను చంపి తిని తమ కష్టాన్ని కాస్త వాయిదా వేసుకుంటాయి. ఇంకొన్ని ఒంట్లోనే అడ్డుగోడ కట్టుకుని పెద్ద గది, చిన్న గది అవుతాయి. పెద్దది తల్లి. తన సత్తువంతా చిన్నదానికి ధారపోసి, దానికి పొర మీద పొర కప్పి, ఆఖరికి తాను పగిలిపోతుంది. మిగిలిన ఆ గట్టి గింజే స్పోరు. ఎండకూ వేడికీ లొంగకుండా ఏళ్ళ తరబడి నిద్రపోగలదు. మైక్రోస్కోపులో తళతళా మెరుస్తుంది. ఆ మెరుపు చూపించడానికే ధీమా ఒక ఫ్లాస్కును పస్తు పెట్టి ముందురోజు ఇంటికి వెళ్ళింది. చూపించలేకపోతే ప్రాజెక్టు మూతపడుతుంది, ధీమా ఉద్యోగం కూడా దాంతోపాటే పోతుంది.

వచ్చీ రాగానే ఒక చుక్క తీసి చూసింది. మెరుపూ లేదు, నిద్రా లేదు. పెళ్ళివారి విడిదిలా అంతా ఒకటే హడావుడి. కణాలు అటూ ఇటూ ఈదుతున్నాయి, చీలుతున్నాయి.

"వదినా!" అని కేకపెట్టింది.

వదిన పక్కనే ఉన్న మీడియా గదికి పెద్ద. అంటే ఆ సంస్థలోని సూక్ష్మజీవులన్నీ తినేది ఆవిడ చేతి వంటే. ధీమా భర్తకు స్వయానా అక్క. ఎవరైనా ఖాళీ కడుపుతో ఉన్నారంటే ఆవిడకు చేతులు ఊరుకోవు.

"ఏమిటే ఆ అరుపు?"

"ఈ ఫ్లాస్కులో ఎవరేం పోశారు?"

"నేనే పోశాను. పాపం, నిన్నటినుంచి మెతుకు లేకుండా పడి ఉన్నాయి. కడుపునిండా బ్రాత్ కాచి, ఆ పోషక రసం పోశాను. చూడు, ఎంత హుషారుగా ఉన్నాయో!"

"వాటిని కావాలనే మాడ్చాను వదినా! ఆకలేస్తేనే స్పోర్లవుతాయి!"

"కావాలని మాడ్చావా?" వదిన కళ్ళు పెద్దవయ్యాయి. "మా తమ్ముడు చిక్కిపోతున్నాడంటే చిక్కిపోడా మరి!"

తమ్ముడి సంగతి తర్వాత చూసుకోవచ్చనుకుంది ధీమా. ఉపాయం అప్పటికే తట్టింది. వేడి నీళ్ళలో పెడితే తిరిగే కణాలన్నీ చస్తాయి, రాత్రి తయారైన స్పోర్లు ఏ కాసినో ఉంటే అవి మిగులుతాయి. ఫ్లాస్కులోంచి సగం ఇంకో సీసాలోకి వంపి, ఆ సీసాను వేడి నీళ్ళ తొట్టెలో పెట్టి, చీర కుచ్చిళ్ళు సర్దుకోవడానికి వెళ్ళింది.

తిరిగి వచ్చేసరికి తొట్టె ఆపేసి ఉంది. సీసా బల్ల మీద చల్లగా కూర్చుంది.

"మర్చిపోయి వెళ్ళావమ్మాయ్! ఇంకాస్త ఉంటే ఉడికిపోయేవి," అంది వదిన. "బయటికి తీసి చల్లార్చాను. భయపడ్డాయేమోనని కాస్త తిండి కూడా..."

స్పోరును నిద్ర లేపాలంటే చేయవలసిన పని అచ్చంగా అదే. కాస్త వేడి తగలాలి, వెంటనే తిండి దొరకాలి. మిగిలిన ఆ నాలుగు గింజలనూ వదిన ఆప్యాయంగా లేపి కూర్చోబెట్టింది.

అప్పుడే పరీక్షకుడు వచ్చాడు, చెప్పిన వేళకన్నా చాలా ముందుగా. మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టుండే మనిషి. ఆయన "ఊఁ" అంటే ఎన్నో ప్రయోగశాలలు మూతపడ్డాయని ప్రతీతి.

"వదినా, మీరు వెళ్ళి సారుకి టీ పెట్టండి. నిదానంగా పెట్టండి," అని ఆవిణ్ణి సాగనంపి, ధీమా మొదటి ఫ్లాస్కులో మిగిలిన సగంలోంచే ఒక చుక్క మైక్రోస్కోపు కింద పెట్టింది. వేరే గతి లేదు. ముఖం మాత్రం పొడిగింపు అందినంత ధీమాగానే ఉంది.

ఆయన చూశాడు. చూస్తూనే ఉన్నాడు. వదిన టీ పట్టుకొచ్చినా తలెత్తలేదు.

"వీటికి తిండి పెట్టారా?"

ధీమా నోరు తెరిచేలోగా వదిన అందుకుంది. "తెల్లారగానే పెట్టానండీ. వాటికి పెట్టకుండా నేను టీ ఎలా తాగుతాను?"

అయిపోయిందనుకుంది ధీమా. ఆయన కుర్చీ జరిపి, "చూడండి," అన్నాడు. పొద్దున కోపంలో ఒక్క చూపు చూసి లేచిపోయిన ధీమా ఈసారి నిదానంగా చూసింది. ఈదుతున్న గుంపు మధ్యలో కొన్ని కణాలు కదలకుండా ఉన్నాయి. వాటి కడుపులో చిన్న గది మెరుస్తోంది. చుట్టూ విందు జరుగుతున్నా పట్టించుకోకుండా ఆ తల్లులు దానికి పొరలు కప్పుతూ పోతున్నాయి.

"గోడ కట్టేసినవి వెనక్కి రాలేదండీ," అంది ధీమా, ఆశ్చర్యంలో తన ధీమా సంగతే మర్చిపోయి. "కట్టనివి తిండి చూడగానే మనసు మార్చుకున్నాయి."

"దాటితే వెనక్కి రాలేని ఆ గీత ఎక్కడుందో ఈ ఫ్లాస్కులో కనిపిస్తోంది. స్పోర్లు చాలా చూశాను. ఇలా చూడలేదు. పస్తు మధ్యలో తిండి పెట్టాలన్న ఆలోచన ఎవరిది?"

నాదే అనడానికి ఒక్క క్షణం చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ట్రే పట్టుకుని, పొద్దున్నుంచి తిట్లు తిని కూడా తనకు సైతం ఒక కప్పు తెచ్చిన వదినను చూస్తే ధీమాకు సిగ్గేసింది.

"మా వదినది సార్. నాకు తెలియకుండా పోశారు. పొద్దున్నుంచీ నేను ఆవిడ మీద విరుచుకుపడుతున్నాను."

పరీక్షకుడు "ఊఁ" అన్నాడు. ధీమా మనసులోనే తన బల్ల ఖాళీ చేసేసింది.

"మూడేళ్ళు ఇస్తున్నాను. కానీ పస్తులో ఉన్నవాటికి రకరకాల వేళల్లో తిండి పెట్టి చూడాలి. పెట్టేది ఈవిడే కావాలి."

"పెట్టమంటే ఎన్నిసార్లయినా పెడతానండీ," అంది వదిన నిక్కచ్చిగా. "కళ్ళముందు మాడుతుంటే మాత్రం ఊరుకోలేను. ముందే చెబుతున్నాను."

ఆ ఇబ్బందికి విరుగుడు కూడా పొడిగింపు ఉత్తర్వులోనే రాశారు. బాక్టీరియా పస్తున్నంతసేపూ, తిండి పెట్టే వేళకు కబురు వచ్చేదాకా, వదిన ఇంట్లోనే ఉండాలి, జీతం మామూలే. ఏ పనీ చెయ్యకపోవడమే పనిగా అధికారికంగా గుర్తింపు పొందిన ఉద్యోగి ఆ సంస్థలో వదిన ఒక్కతే. తక్కినవాళ్ళకు ఆ గుర్తింపు ఇంకా రాలేదు.