చల్లబడ్డ డిష్షులు

అప్పట్లో మేష్టారి ల్యాబంటే రెండు గదులే. కిటికీ పక్కన, కణాలు పెంచే డిష్షులను ఒంటి వేడిలో ఉంచే ముసలి ఇంక్యుబేటరు, మూలన కుంటి స్టూలు. ఆనాటి విద్యార్థిని ఇప్పుడు నలుగురికి మేడమ్. అయినా ఆ గది తలుచుకుంటే ఆమెకు ఇంకా స్పిరిట్ వాసనే వస్తుంది.

ఆ ఉదయం పని తేలికైనదే. పదకొండింటికి ల్యాబుకు డబ్బులిచ్చే కమిటీ వస్తుంది. డిష్షు అడుగున పాలిమర్ పూత ఉంటుంది. ఒంటి వేడిలో ఉన్నంతసేపూ కణాలు దాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి, చల్లబడితే వదిలేస్తాయి. కంటి కణాలను అలా పల్చటి పొరగా లేపి చూపించాలి. మూడేళ్లుగా లేపిన ప్రతి పొరా చిరిగింది. ఇవాళా చిరిగితే ల్యాబు మూతే.

"పెద్దవాళ్లొస్తున్నారు, గది చల్లగా ఉంచు" అని అసిస్టెంటు బాబాయికి చెప్పి మేష్టారు కిందికి వెళ్లారు. బాబాయి ఏసీని గడ్డకట్టేలా పెట్టాడు.

"బాబాయ్, ఈ చలికి డిష్షు బయటికి తియ్యగానే కణాలు ఊడొచ్చేస్తాయి. కాసేపు ఆపెయ్యవా" అంది విద్యార్థిని. బాబాయి ఆపాడు.

మేష్టారు మెట్లెక్కి చెమటలు కక్కుతూ వచ్చారు. ఏసీ చప్పుడు లేదు. చెడిపోయిందనుకుని, ఎవర్నీ అడక్కుండా ఎలక్ట్రీషియన్‌ను పిలిచారు. అతను పద్ధతైన మనిషి. ముందు మెయిన్ ఆపి, తర్వాత ఏసీ విప్పాడు.

గంట తర్వాత గానీ విద్యార్థిని ఇంక్యుబేటరు వంక చూడలేదు. దాని లైటు వెలగడం లేదు.

"ఇది ఆగి ఎంతసేపైంది బాబాయ్?"

"ఏసీ ఒక్కటే కదమ్మా ఆపింది?"

"ఏసీకి ఏ రోగమూ లేదండీ" అన్నాడు ఎలక్ట్రీషియన్ నిచ్చెన దిగి మెయిన్ వేస్తూ. "ఎవరో స్విచ్చి ఆపారంతే."

మేష్టారు స్టూలు మీద కూలబడి కళ్లజోడు తుడుచుకున్నారు. అది చూసి ఆమెకు ఏడుపొచ్చింది. అప్పటికే కింద కారు ఆగింది.

ఏదో ఒకటి చూపించాలి గనక ఒక డిష్షు తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. చాలాసేపు తల ఎత్తలేదు.

"మేష్టారూ, ఒకసారి ఇలా రండి."

ఆయన చూశారు. "చిరగలేదే" అన్నారు మెల్లగా.

ఆగిన ఇంక్యుబేటరులో నెమ్మదిగా చల్లారిన పన్నెండు డిష్షుల్లోనూ పొరలు చెక్కుచెదరకుండా తేలుతున్నాయి. ఇన్నాళ్లూ మంచులో పెట్టి హడావిడిగా చల్లార్చడమే తప్పని ఎవరికీ తట్టలేదు. కమిటీ పెద్దాయన ఇంకో మూడేళ్లకు అక్కడే సంతకం పెట్టాడు.

ఆ ఏడాది అచ్చయిన పరిశోధనా పత్రంలో మాత్రం, ఉష్ణోగ్రతను ముందే వేసుకున్న పథకం ప్రకారం క్రమంగా తగ్గించినట్లు రాసి ఉంది.