నీలి దీపం తనిఖీ

ఆ ఉదయం ఎలక్ట్రీషియన్ పెట్టుకున్న పని ఒక్కటే. ధాన్య పరీక్షా కేంద్రంలో పనిచేసే భార్య ఇంటికి తెచ్చిన నీలి దీపానికి స్విచ్ మార్చి, పదింటికల్లా ఆమె చేతికివ్వాలి. ఇంకెవరికైనా అది అరగంట పని. ఈయన్ని మాత్రం వీధిలో అందరూ ‘ఎందుకుగారు’ అంటారు. ఏ వస్తువు బాగుచేసినా అది ఎందుకు పనిచేస్తోందో తెలిసేదాకా ఆయనకు అన్నం సయించదు.

"దీంతో ఏం చూస్తారు మీరు?" అన్నాడు స్క్రూ బిగిస్తూ.

"మొక్కజొన్నకి ఒక రకం బూజు పడితే అందులో విషం చేరుతుందండీ. రుచీ తెలీదు, వాసనా తెలీదు. రోజూ తింటే లివర్ దెబ్బతింటుంది. చీకట్లో ఈ దీపం వేస్తే అలాంటి గింజ పచ్చగా మెరుస్తుంది. అయితే..."

కుక్కర్ కూత పెట్టింది. ఆమె వంటింట్లోకి పరుగెత్తి, అటునుంచి అటే స్నానానికి వెళ్ళిపోయింది. ‘అయితే’ తర్వాతి ముక్క ఆయన చెవిన పడనే లేదు.

ఎలక్ట్రీషియన్ కర్టెన్లు మూసి దీపం వేశాడు. పసుపు డబ్బా భగ్గుమంది. విటమిన్ మాత్రలు మెరిశాయి. ఉతికిన చొక్కా మెరిసింది. అద్దంలో చూసుకుంటే సొంత పళ్ళు కూడా నీలంగా మెరిశాయి. వెంటనే నోరు మూసుకున్నాడు. ఆయన అంత తొందరగా నోరు మూసుకోవడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి.

ఆ ఇంట్లోకి వచ్చే సరుకంతా కింద ఇంటి ఓనర్ కొట్లోదే. తోటి మనుషుల ప్రాణాలకు ముప్పని తెలిశాక ఊరుకోవడం ఎలా? దీపం పట్టుకుని మెట్లు దిగాడు.

"ఓనర్‌గారూ, షట్టర్ ఒకసారి దించండి. మీకొకటి చూపించాలి."

కరెంటు పనేమో అనుకుని ఓనర్ షట్టర్ దించాడు. లోపల నలుగురు కొనేవాళ్ళున్నారు. చీకట్లో దీపం వెలిగింది. పసుపు, సబ్బుపొడి, తెల్ల కాగితం పొట్లాలు, అన్నీ ఒక్కసారిగా మెరిశాయి.

"అబ్బ, ఎంత బాగుందో. ఏమిటిది?" అంది వాళ్ళలో ఉన్న టీచరమ్మ.

"విషమండీ," అన్నాడు ఎలక్ట్రీషియన్, ఆస్పత్రిలో డాక్టరు చెప్పినంత మెల్లగా.

షట్టర్ పైకి లేచేసరికి కబురు వీధి చివరికి చేరిపోయింది. పది నిమిషాల్లో జనం నిన్న కొన్నవీ మొన్న కొన్నవీ తెచ్చి కొట్టు ముందు కుప్ప పోశారు. ఒకాయన ఏనాడో కొన్న గొడుగు కూడా తెచ్చాడు.

ఓనర్ కేకలు వేయలేదు. అదే భయంగా ఉంది. "సాయంత్రానికి ఇల్లు ఖాళీ చెయ్యవయ్యా," అన్నాడంతే.

మూడు నెలలు కాళ్ళరిగేలా తిరిగితే దొరికిన ఇల్లది. ఈ మాట భార్యకు ఏ మొహంతో చెప్పాలి? ఎలాగైనా ఓనర్ మనసు కరిగించాలని, మెరవని సరుకు కోసం కొట్లోని చీకటి మూలలన్నీ దీపంతో గాలించాడు. మూలన ఉన్న వేరుశనగ సంచీ నల్లగా, బుద్ధిగా కూర్చుని ఉంది.

"ఇదిగోండి, ఇది మాత్రం మచ్చలేని సరుకు," అని గట్టిగా ప్రకటించాడు.

జనం ఎగబడ్డారు. సంచీ దాదాపు ఖాళీ అయింది. ఓనర్ మొహం కాస్త తేటపడేలోగా భార్య తడిజుట్టుతో దీపం వెతుక్కుంటూ వచ్చింది. కుప్పనూ భర్తనూ మార్చి మార్చి చూసింది.

"మెరిసినవన్నీ విషమని ఎవరు చెప్పారండీ మీకు?"

"నువ్వే కదా."

"నేను చెప్పింది మొక్కజొన్న సంగతి. అదీ అనుమానమే, మళ్ళీ పరీక్ష చేయాలి. పసుపు మెరవడం దాని స్వభావం. చొక్కా మెరిసేది సబ్బుపొడి వల్ల."

"విన్నారా? నా సరుకులో ఏ దోషమూ లేదు," అన్నాడు ఓనర్ ఛాతీ విరిచి.

ఆమె వినడం లేదు. సంచీ అడుగు తడిమి చూసి, ముడుచుకుపోయిన పప్పు ఒకటి రెండుగా విప్పింది. లోపల పచ్చటి బూజు.

"బాబాయ్‌గారూ, ఈ సంచీకి తడి తగిలింది. వేరుశనగ విషయంలో ఈ దీపాన్ని నమ్మలేం. అమ్మినవన్నీ వెనక్కి తెప్పించండి."

ఓనరూ ఎలక్ట్రీషియనూ కలిసి ఇల్లిల్లూ తిరిగారు. టీచరమ్మ అప్పటికే మూకుడు పొయ్యి మీద పెట్టింది.

"వేయించేశాను కదయ్యా, ఇంకా విషమేమిటి?"

"వేయిస్తే బూజే చస్తుందటండీ. అది వదిలిన విషం చావదట," అన్నాడు ఎలక్ట్రీషియన్. ఈసారి భార్య చెప్పింది చివరిదాకా విని వచ్చాడు.

వెనక్కి వచ్చిన పప్పంతా కలిపి, నమూనా తీసి ఆమె కేంద్రానికి పట్టుకెళ్ళింది. ఒక్క చెడ్డ గింజలోనే విషమంతా ఉండొచ్చు కాబట్టి గుప్పెడు చాలదంది. మధ్యాహ్నానికి ఫలితం వచ్చింది. విషం ఉండదగ్గ హద్దును ఎన్నో రెట్లు దాటింది.

ఓనర్ కుర్చీలో కూలబడ్డాడు. "రేపట్నుంచి మా మనవరాలికి రోజూ గుప్పెడు పెడదామని ఈ సంచీ తెప్పించానమ్మా," అన్నాడు. ఎలక్ట్రీషియన్ వెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

సాయంత్రం ఓనర్ మెట్లెక్కి వచ్చాడు. ఇల్లు ఖాళీ చేయక్కర్లేదన్నాడు. కొత్త సరుకు దిగినప్పుడల్లా ఎలక్ట్రీషియన్ భార్య ఒకసారి చూస్తే చాలన్నాడు. అద్దె కాగితం అక్కడే మరో మూడేళ్ళకు రాశాడు. అందులో కొత్తగా చేరిన షరతు ఒక్కటే: ఎలక్ట్రీషియన్ కొట్లోకి సరుకులు కొనడానికి మాత్రమే రావచ్చును.