రాధాకృష్ణమూర్తిగారి విదేశీ ద్రవ్యం

ఆ ఆదివారం రాధాకృష్ణమూర్తిగారు వేసుకున్న ఏర్పాటులో భయపడవలసింది ఒక్కటీ లేదు. పొద్దున్నే ఛత్రినాకలో రిక్షా ఎక్కడం, భార్యతో బహదూర్‌పురాలో జూ చూడడం, ఎండెక్కకముందే ఇంటికొచ్చి వంకాయకూరతో భోంచేసి పడుకోవడం. పులిని కూడా రెండు వరసల కమ్మీల ఇవతలి నుంచే చూడాలని ముందే అనుకున్నారు.

మూర్తిగారిది కోస్తా జిల్లా. ప్రభుత్వ కార్యాలయంలో ఇరవై రెండేళ్ళ సర్వీసు, పెన్షనుకు ఇంకా ఎనిమిదేళ్ళు. ఫైలు మీద ‘నేను అనుకుంటున్నాను’ అని రాసినవాడు ఎప్పుడో ఒకప్పుడు సంజాయిషీ ఇచ్చుకుంటాడనీ, ‘భావించబడుతున్నది’ అని రాసినవాడు క్షేమంగా రిటైరవుతాడనీ ఆయన కనిపెట్టారు. దాంతో ‘నేను’ అనే మాట ఇంట్లో కూడా మానేశారు. “ఆకలి అవుతున్నట్టు తెలుస్తోంది” అంటారు. “ఎవరికండీ?” అని అడుగుతుంది రాజరాజేశ్వరి, కంచం పెడుతూనే.

జూ గేటు ముందు ఒక టూరిస్టు బస్సు పావుగంట సేపు ఆగింది. అందులోంచి దిగిన ఒక తెల్ల ముసలమ్మ రెండు కొబ్బరిబోండాలు కొట్టించుకుని తాగేసి, సంచీలోంచి రంగురంగుల నోట్లు తీసింది. బోండాలవాడు వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఏందమ్మా ఇది, లాటరీ టికెట్టా? రూపాయల్ దేవ్, రూపాయల్!”

కాలేజీ వదిలాక ఇంగ్లీషు మాట్లాడే అవకాశం రాని మూర్తిగారు ముందుకు వెళ్ళారు. ముసలమ్మ మొర పెట్టుకుంది. “పోయిన నెల నదిలో పడవ మీద తిరిగాం నాయనా. పొద్దున ఒక దేశపు రేవు, సాయంత్రం ఇంకో దేశపు రేవు. గంటసేపు ఆగిన చోటల్లా ఒక కొత్త డబ్బు. ఇప్పుడు ఏది ఎక్కడ చెల్లుతుందో నాకే తెలియడం లేదు!”

మూర్తిగారు ఉదారంగా బోండాలవాడికి రెండు రూపాయలు ఇచ్చేశారు. ఆవిడ మురిసిపోయి, మడిచిన కాగితం ఒకటి ఆయన గుప్పిట్లో కుక్కి బస్సెక్కేసింది. బస్సు కదిలింది. మూర్తిగారు దాని వెనక పది గజాలు పరుగెత్తి, పరుగెత్తడం అనుమానాస్పదంగా ఉంటుందని ఆగిపోయారు.

“ఏమిచ్చిందండీ?” అంది రాజరాజేశ్వరి.

“ఏమీ ఇవ్వబడలేదు.”

అవి ఎమర్జెన్సీ రోజులు. విదేశీ ద్రవ్యం దగ్గర ఉంచుకున్న ఉద్యోగికి ముందు ఉద్వాసన, తర్వాత జైలు అని ఆఫీసులో పోయిన వారమే సర్క్యులరు తిరిగింది. అందరి చేతా సంతకాలు పెట్టించింది మూర్తిగారే. మొదటి సంతకమూ ఆయనదే. ఆ పూట జూలో ఆయన ఏ జంతువునూ చూడలేదు. జంతువులే ఆయన్ను చూశాయి.

ఇంటికొచ్చి, మడత విప్పకుండానే ఆ కాగితాన్ని ఒక ఫైల్లో పెట్టి, మూడు ముళ్ళు వేసి, పైన ‘పాత కరెంటు రసీదులు’ అని రాశారు. చించితే సాక్ష్యం నాశనం చేసినట్టు. కాలిస్తే పొగ వస్తుంది. మూసీలో పారేద్దామంటే మూసీలో నీళ్ళు లేవు.

సోమవారం పొద్దున ఇంటి ఓనరు బాలనర్సింహ పంపు దగ్గర మొహం కడుక్కుంటుంటే మూర్తిగారు మెల్లగా దగ్గరికి చేరారు. “ఇంట్లో ఫారిన్ సరుకు దాచుకున్నవాళ్ళ గతి ఏమవుతుందంటారు?”

“ఎవలింట్ల సారూ?”

“పేర్లు బయటపెట్టడం భావ్యం కాదు. ఈ గల్లీలోనే అనుకోండి. ఈ ఇంట్లోనే అనుకోండి.”

బాలనర్సింహ చేతిలో చెంబు జారిపోయింది. ఆయన మంచం కింద పెట్టెలో, దొంగచాటుగా కొన్న జపాన్ టేప్‌రికార్డరు ఉన్న సంగతి మూర్తిగారికి తెలియదు.

“మీరున్నరు గద సారూ, జర చూసుకోండ్రి!”

“పైనుంచి వస్తే ఎవరు మాత్రం ఏం చూసుకోగలరండీ” అని నిట్టూర్చి మూర్తిగారు ఆఫీసుకు వెళ్ళిపోయారు.

సాయంత్రం హోటల్లో చాయ్ తాగుతున్న హెడ్‌కానిస్టేబుల్ విశ్వేశ్వర్ కనిపించాడు. గల్లీ చివరి ఇల్లే అతనిది. మూర్తిగారు గుండె చిక్కబట్టుకుని అడిగారు. “పట్టుబడకముందే తెచ్చి అప్పగించేవాళ్ళను వదిలేస్తారా?”

విశ్వేశ్వర్ ఎడమచెయ్యి తటాలున జేబులోకి పోయింది. “ఎవలన్న వస్తున్నరా సార్?”

“సర్క్యులరు వచ్చింది. సంతకాలు కూడా అయిపోయాయి.”

విశ్వేశ్వర్ కుడిచేత్తో సెల్యూట్ కొట్టి, సగం చాయ్ వదిలేసి పోయాడు. పోలీసువాడు చాయ్ వదిలేశాడంటే కేసు ఎంత పెద్దదో అనుకుంటూ మూర్తిగారు ఇంటిదారి పట్టారు.

మర్నాడు గౌలిపుర నుంచి కృష్ణమ్మ తెచ్చి పోసిన పాలు చెంచాకు అంటుకున్నాయి.

“ఏం కృష్ణమ్మా, నిన్న గేదె నీళ్ళు తాగడం మరిచిపోయిందా?” అంది రాజరాజేశ్వరి.

“నవ్వకమ్మా. సారుకు జర చెప్పు, నేనేం దాచుకోలే. దాచుకున్నోళ్ళ సంగతి నాకెర్కలే.”

లోపలి నుంచి మూర్తిగారు అది విన్నారు. పాలమనిషికి కూడా తెలిసిపోయింది! ఆయన కనబడితే గల్లీలో మాటలు ఆగిపోతున్నాయి. అరుగుల మీదివాళ్ళు లేచి నిలబడుతున్నారు. బాలనర్సింహ అయితే “ఈ నెల కిరాయి ఫికర్ చెయ్యకుండ్రి సారూ” అన్నాడు. జైలుకు పోయేవాణ్ణి చూసి జాలిపడుతున్నారని మూర్తిగారు నిశ్చయించుకున్నారు. రెండు జతల బట్టలు, మరచెంబు, పళ్ళపొడి సంచీలో సర్దుకున్నారు.

“ఏ ఊరికండీ?” అంది రాజరాజేశ్వరి.

“ఊరు ఇంకా నిర్ణయించబడలేదు.”

గురువారం సాయంత్రం అయిదింటికి తలుపు చప్పుడైంది. తీస్తే గల్లీ గల్లీయే నిలబడి ఉంది. ముందు బాలనర్సింహ, దుప్పటిలో చుట్టిన టేప్‌రికార్డరుతో. వెనక కృష్ణమ్మ, చంకలో ఫారిన్ నైలాన్ చీరతో. దర్జీ వైకుంఠం టెరిలీన్ గుడ్డ తాను మోసుకొచ్చాడు. సెంటు సీసాలు, టార్చిలైట్లు, కాగితాల్లో చుట్టిన పొట్లాలు అన్నీ ముందుగదిలో చాప మీద గుట్ట పడ్డాయి.

“మా అంతల మేమే తెచ్చినమని రాసుకోండ్రి సారూ. పిల్లలు గల్లోళ్ళం!”

మూర్తిగారు చాపకేసి చూశారు. ఒక్క కాగితానికే ఉద్యోగం పోతుందని వణుకుతుంటే, ఇంట్లో ఫారిన్ బజారు వెలిసింది. అంతలో జనం పాయలుగా చీలారు. టోపీ పెట్టుకుని విశ్వేశ్వర్ వస్తున్నాడు.

అయిపోయింది అనుకున్నారు మూర్తిగారు. బేడీలు వేయించుకోవడానికి రెండు చేతులూ ముందుకు చాపారు.

విశ్వేశ్వర్ ఎడమచేతి గడియారం విప్పి, చాచిన ఆ చేతుల్లో పెట్టాడు. “మా బామ్మర్ది ఇచ్చిండు సార్. ఫారిన్‌దని నాకు తెల్వదు, ఒట్టు.”

అప్పుడు మూర్తిగారు బావురుమన్నారు. “నాది! తప్పంతా నాది! నేనే దాచుకున్నాను! నేనే!”

రాజరాజేశ్వరి వంటింట్లోంచి బయటికొచ్చింది. పెళ్ళయిన పద్ధెనిమిదేళ్ళలో ఆయన నోట ‘నేను’ వినడం ఆవిడకదే మొదలు. ‘పాత కరెంటు రసీదుల’ ఫైలు దింపి, మూడు ముళ్ళూ విప్పి, కాగితం మడత తీసి వెలుతుర్లో పెట్టింది. అడుగున చిన్న ఇంగ్లీషు అక్షరాలున్నాయి. “‘పడవలో ఒక కప్పు కాఫీకి. రేవు దిగినవారికి చెల్లదు’ అని ఉందండీ.”

“ముందే ఎందుకు చెప్పలేదే?”

“మీరు చూపిస్తే కదండీ!”

మొదట తేరుకున్నది కృష్ణమ్మ. “గీ కాఫీ చీటీకా సారూ, మూడు దినాలు నీళ్ళు కలపకుండ పాలు పోసిన? నా ఉసురు తగుల్తది మీకు!”

గల్లీ అంతా ఒక్కసారి నవ్వింది. మరుక్షణం ఎవరి సరుకు మీద వాళ్ళు పడ్డారు. విశ్వేశ్వర్ గడియారం కట్టుకుని, ఒకరిది ఇంకొకరు ఎత్తుకుపోకుండా గుమ్మంలో లాఠీ పట్టుకుని నిలబడ్డాడు.

చాప ఖాళీ అయ్యాక ఒక పొట్లం మిగిలింది. రాజరాజేశ్వరి విప్పి చూస్తే, అగ్గిపెట్టెలో సగం ఉంటుందేమో, పచ్చగా మెరిసే బంగారు బిస్కెట్టు. దాని మీద ఏదో పరదేశపు ముద్ర.

“ఇదెవరిది?”

అందరూ బిస్కెట్టు వంక చూశారు. తర్వాత విశ్వేశ్వర్ వంక చూశారు.

“మాది గాదమ్మా” అన్నాడు బాలనర్సింహ. “మాకేడిది!” అన్నాడు వైకుంఠం. కృష్ణమ్మ అప్పటికే మెట్లు దిగిపోయింది. విశ్వేశ్వర్ దాన్ని చాలాసేపు చూశాడు. కేసు రాస్తే చాప దగ్గర మొదలుపెట్టాలి, అప్పుడు తన గడియారం సంగతి కూడా రాయాలి. “నాకేం కనవడ్తలేదు మేడమ్” అని అతనూ వెళ్ళిపోయాడు.

గదిలో ఇద్దరే మిగిలారు. మూర్తిగారు మళ్ళీ సంచీ అందుకున్నారు. రాజరాజేశ్వరి పొట్లాన్ని కొంగున ముడివేసుకుని, ఆయన సంచీలోంచి పళ్ళపొడి తీసి గూట్లో పెట్టింది.

దసరా వచ్చేసరికి ఆవిడ చేతులకు కొత్త గాజులు వచ్చాయి. చాలా బాగున్నాయని మూర్తిగారు అన్నారు, ఇంకేమీ అడగలేదు.