పన్నెండో సీసా

మా కాంపోరివో పురపాలక సంఘం వారు సమస్త ప్రజానీకానికీ తెలియజేసిన శుభవార్త ఏమనగా, ఊరి నీళ్ళు పరమ స్వచ్ఛమైనవని పదకొండుమంది సభ్యులూ ఏకగ్రీవంగా తీర్మానించారు. నీళ్ళ అభిప్రాయం అడగలేదు. వాటికి ఓటు హక్కు లేదు.

ఆ తీర్మానం రాసింది నేనే. పాతికేళ్ళుగా ఆ ఆఫీసులో గుమస్తాని. ఎలాంటి మాటైనా నా చేత్తో రాస్తే నిజంలా కనబడుతుందని మేయరు ఓరెస్తె మరంగోన్ గారు పదిమందిలో నన్ను మెచ్చుకున్నారు కూడా.

ముందుగా ఫ్యాక్టరీ సంగతి చెప్పాలి. మా ఊరు విచెన్సా పట్నం నుంచి బస్సులో నలభై నిమిషాలు. ఊరికి ఎగువన, కొండ మొదట్లో, అంటుకోని పెనాలకీ తడవని కోట్లకీ పూత తయారుచేసే ఫ్యాక్టరీ ఒకటి నలభై ఏళ్ళు నడిచింది. ఆ పూతలో ఫ్లోరిన్ కలిసిన రసాయనాలు ఉంటాయి. వాటికి నూనె అంటదు, నీళ్ళు అంటవు, వేడికి చావవు, ఎండకి చెదరవు. అంత గొప్ప గుణాలున్నవి కనుకే ఫ్యాక్టరీ కాలవ లోంచి భూమిలోకి దిగి, బావుల్లోకి వచ్చి, ఆపైన మనుషుల రక్తంలో చేరి, అక్కడ మాత్రం చక్కగా అంటుకున్నాయి. ఎనిమిదేళ్ళ కిందట యజమాని దివాలా ప్రకటించి సముద్రతీరానికి మకాం మార్చేశారు. రసాయనాలు ఊరిని వదల్లేదు. ఇంతటి విశ్వాసం ఈ రోజుల్లో అల్లుళ్ళలో కూడా కనబడదు.

ఇంత ప్రశాంతంగా ఉన్న ఊళ్ళో జెల్మిరా గారు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. ఆవిడకి ఎనభై ఒకటి. చిన్నాపెద్దా అందరూ నోనా, అంటే అమ్మమ్మ, అని పిలుస్తారు. ఊరి చివర ఇల్లు, పది కోళ్ళు, తెల్ల ఆస్పరాగస్ కూర మడులు, వాళ్ళ నాన్న తవ్విన బావి. ముందు ఆవిడ థైరాయిడ్ పాడైంది. తర్వాత పక్కింటి పిల్లకి పాడైంది. ఆ తర్వాత వాళ్ళ కుక్కకి కూడా పాడైందని పశువుల డాక్టరు చెప్పాడు. "మా ముగ్గురికీ చుట్టరికం లేదు. ముగ్గురం తాగేది ఒకే బావినీళ్ళు. దయచేసి కొలిపించండి" అని ఆవిడ రాసింది. మొదటి ఉత్తరం మీద "పరిశీలనలో ఉన్నది" అని ముద్ర కొట్టాను. పదహారో ఉత్తరం నాటికి ముద్ర అరిగిపోయి "లో ఉన్నది" అని మాత్రమే పడుతోంది.

పదిహేడోది ఆవిడ మాకు కాక, మూడు లోయల జలమండలికి పంపింది. ఇరవై మూడు ఊళ్ళ నీళ్ళ బాగోగులు చూసే పెద్ద ఆఫీసు అది. అక్కడ ఎవరో పొరపాటున ఉత్తరం విప్పి చదివారు. పర్యవసానంగా నీవెస్ పెరుఫో అనే కెమిస్టు మా ఊరికి దిగింది.

ఆ రోజు జోరున వాన. ఆ అమ్మాయి కోటు లేకుండా, పలచటి నూలు బట్టల్లో తడిసి ముద్దై సీసాల పెట్టె మోసుకొచ్చింది. జెల్మిరా గుమ్మంలోంచి కేకేసింది.

"ఓసి పిచ్చిమొహమా, వానలో కోటేసుకోవాలని మీ బడిలో నేర్పలేదటే?"

"వేసుకోకూడదని నేర్పారు నోనా. వానకోటు పూతలో ఉండేది ఈ మందే. దాన్నుంచి రాలి సీసాలో పడితే, మీ బావిని కొలుస్తున్నానో నా కోటుని కొలుస్తున్నానో నాకే తెలీదు."

"మొహానికి కూడా ఏమీ రాసుకోలేదే?"

"క్రీము కూడా కూడదు. కాయితంలో చుట్టిన రొట్టె తినకూడదు. కొత్త బట్టలు కట్టకూడదు."

"సన్యాసం పుచ్చుకున్నావన్నమాట. లోపలికి రా, చిన్న గ్లాసుడు వైన్ పుచ్చుకుందువుగాని. దానికి నిషేధం లేదు కదా?"

ఇంతలో మేయరు గారు గొడుగేసుకుని, జుట్టుకి పరిమళ తైలం పట్టించుకుని, ఫొటోగ్రాఫరుతో సహా విచ్చేశారు. నీవెస్ చెయ్యెత్తి పది మీటర్ల దూరంలో ఆపేసింది. "అక్కడే ఆగండి సార్. మీరొస్తే లెక్క పాడవుతుంది." మూడుసార్లు గెలిచిన మనిషిని ఊళ్ళో ఎవరూ పది మీటర్ల దూరంలో ఆపలేదు. ఫొటో కూడా దూరం నుంచే తీయాల్సి వచ్చింది. అందులో మేయరు గారికన్నా కోళ్ళే పెద్దగా పడ్డాయి.

నీవెస్ ఎనిమిది చోట్ల నీళ్ళు పట్టింది. జెల్మిరా బావి, బడి పంపు, ఊరి నడుమ చౌకులో కొళాయి, కాలవ, ఇంకా నాలుగు. మూడు చోట్ల స్టీలు గరిటెతో మట్టి తీసింది. పదకొండు సీసాలయ్యాయి. ఆఖర్ని బావి గట్టున నిలబడి, తను తెచ్చుకున్న ఒక సీసాలోంచి మరో ఖాళీ సీసాలోకి నీళ్ళు వంచి మూత బిగించింది.

"ఇదేం చోద్యమే? నీళ్ళు తెచ్చుకుని నీళ్ళే పట్టుకుపోతున్నావు?"

"ఇది సాక్షి నోనా. మా ల్యాబులో శుద్ధి చేసిన నీళ్ళు. ఇక్కడి గాలి లోంచీ నా చేతుల్లోంచీ ఏమీ కలవలేదని రేపు ఇదే చెప్పాలి."

"అయితే జాగ్రత్తగా పట్టుకెళ్ళు. ఈ ఊళ్ళో అబద్ధమాడని సాక్షి అదొక్కటే" అంది జెల్మిరా.

నెల తిరక్కుండా నివేదిక వచ్చింది. లీటరు నీళ్ళలో వంద నానోగ్రాముల దాకా చట్టం ఒప్పుకుంటుంది. బడి పంపులో ఆరువందల పది. చౌకులో ఏడువందలు. జెల్మిరా బావిలో రెండువేల మూడువందల ఎనభై. మడుల మట్టిలో కూడా దండిగా ఉంది. పన్నెండో సీసా ఎదురుగా మాత్రం "ఏమీ లేదు" అని ఉంది.

అత్యవసర సమావేశం జరిగింది. మేయరు గారి ప్రసంగాన్ని ఉన్నదున్నట్టు పుస్తకంలో ఎక్కించాను:

"మిత్రులారా! నానో అంటే మన భాషలో ఏమిటి? మరుగుజ్జు! రెండు యుద్ధాలు చూసిన ఈ నేల మరుగుజ్జు గ్రాములకి భయపడుతుందా? పైగా ఈ నివేదికలోనే ఒక మహత్తరమైన సత్యం ఉంది. పన్నెండో సీసా! అందులో విషం సున్నా! సగం కాదు, పావు కాదు, సున్నా! శత్రువు చేతి రాతలోనే మన విజయం ఉంది!"

చప్పట్లు మోగాయి. మందుల షాపు ఒత్తొరీనో గారు కొంచెం నసిగారు. "మేయరు గారూ, ఆ పన్నెండోది ల్యాబు నీళ్ళని కింద చిన్న అక్షరాల్లో రాసుంది..."

"తెరిచింది ఎక్కడ?"

"మన ఊళ్ళోనే అనుకోండి."

"మూత తీసింది మన గాలిలో. ఒంపింది మన గడ్డ మీద. ఈ గడ్డ మీద పుట్టినవాడు ఈ ఊరివాడైతే, ఈ గడ్డ మీద ఒంపిన నీళ్ళు ఈ ఊరి నీళ్ళు కావా? ఒత్తొరీనో, నువ్వు అమ్మేవి చిన్న అక్షరాల మందులు కాబట్టి నీకు అవే కనబడతాయి. కూర్చో."

ఒత్తొరీనో గారు కూర్చున్నారు. కూర్చుని చెయ్యెత్తారు. పన్నెండో సీసాను ఊరి నీటికి అధికారిక ప్రతినిధిగా గుర్తించడమైనది అని రాశాను. మిగిలిన పదకొండూ మైనారిటీ అభిప్రాయంగా నమోదయ్యాయి. మట్టి విషయమై, దాన్ని ఎవరూ తాగరు గనుక చర్చ అనవసరమని భావించడమైనది.

జనానికి నీళ్ళు బాగున్నాయని చెబితే చాలదు, ఎక్కడివో చెప్పాలి. పన్నెండో సీసా చీటీ మీద "జెల్మిరా గారి బావి గట్టున తెరవబడినది" అని ఉంది. ఉన్నదే గోడల మీద అతికించాం. ఆ ఆదివారం చర్చిలో పూజ ముగియగానే ఊరు ఊరంతా డబ్బాలూ, వైను పట్టే పెద్ద పెద్ద జాడీలూ పుచ్చుకుని జెల్మిరా పెరట్లో బారులు తీరింది. ఫాదర్ రీనో గారు బావిని ఆశీర్వదించి తనకో రెండు డబ్బాలు పట్టించుకున్నారు.

జెల్మిరా చీపురు తిరగేసి నిలబడింది. "పొండి! ఇవి తాగేవి కావు. నేనే మానేసి మూడు వారాలైంది!"

"చూశావా, ఎనభై ఏళ్ళు ఒక్కతే తాగింది. ఇప్పుడు ఊరికి చుక్క పొయ్యడానికి ప్రాణం ఒప్పడం లేదు" అన్నారు వెనక వరసలోంచి ఎవరో.

"అందుకే ఎనభై ఒకటి బతికింది ముసల్ది" అన్నారు ఇంకొకరు. దానితో వరస ఇంకొంచెం పొడుగైంది.

మూడో ఆదివారం నీవెస్ నివేదిక పట్టుకుని సొంతంగా వచ్చింది. బావి పక్కనున్న రాయెక్కి, ఒక్కో సీసా లెక్కా చదివింది. సాక్షి సీసా అంటే ఏమిటో చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పింది. జనం డబ్బాలు చేతపట్టుకునే విన్నారు. రొట్టెల దుకాణం ఒర్నెల్లా ముందు వరసలో ఉంది. చంకలో రెండేళ్ళ పాప.

"ఏమ్మా, బడి పంపులో ఆరువందలా?"

"ఆరువందల పది."

"మా పెద్దాడు ఐదేళ్ళు అక్కడే తాగాడు. ఈ పిల్ల పాలపొడి ఆ నీళ్ళలోనే కలిపాను. నేను, నా చేతులతో." ఒర్నెల్లా పాపని ఇంకో చంకలోకి మార్చుకుంది. "అందుకని నువ్వు చెప్పేది నిజం కాదు. కాకూడదు. తెలిసిందా? తప్పుకో, నా డబ్బా నింపుకోవాలి."

నీవెస్‌కి లెక్క తప్పైతే సరిదిద్దడం వచ్చు. ఇది లెక్క కాదు. రాయి మీంచి దిగింది. వరస ఒక అడుగు ముందుకి జరిగింది. ఇద్దరు మాత్రం, ఎవరూ చూడకుండా, డబ్బాలు కాలవలో వంచేసి వెళ్ళిపోయారు.

సోమవారం పొద్దున్నే జెల్మిరా తన మేనల్లుణ్ణి ట్రాక్టరుతో పిలిపించింది. మూడు ట్రాక్టర్ల కంకర. తండ్రి తవ్విన బావి. ఆ బావి గోడ రాళ్ళలో సగం చిన్నప్పుడు తనే బుట్టతో మోసిందట. మొదటి పార తనే వేసింది. కంకర నీళ్ళలో పడ్డ చప్పుడుకి కోళ్ళు బెదిరాయిగానీ ఆవిడ కదల్లేదు. మధ్యాహ్నానికి బావి గట్టుతో సమమైంది. ఆవిడ దాని మీద కుర్చీ వేసుకుని కూర్చుని, చేతిరుమాలుతో మొహం కప్పుకుంది. ఆ సంగతి మా ఆఫీసు నివేదికలో రాయడానికి తగిన గడి లేదు.

ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క స్వచ్ఛమైన నీటి వనరును దురుద్దేశంతో ధ్వంసం చేసినందుకు పురపాలక సంఘం కేసు పెట్టింది. నాలుగువందల పన్నెండుమంది సంతకాలు చేశారు. చిన్న కోర్టులో నీవెస్ సాక్ష్యం చెప్పింది. జడ్జిగారు చాలా శ్రద్ధగా విని, "మీది కేవలం కొలత. వారిది ఏకగ్రీవ తీర్మానం" అన్నారు. వయసును దృష్టిలో పెట్టుకుని, చౌకులో బహిరంగ క్షమాపణతో సరిపెట్టారు.

ఆవిడ నల్ల గౌను వేసుకుని చౌకులో నిలబడింది. మేయరు గారు పక్కనే ఉన్నారు. ఈసారి ఎవరూ ఆపలేదు.

"నాది తప్పే" అంది జెల్మిరా. "పదిహేడు ఉత్తరాలు రాస్తూ కూర్చున్నాను. మొదటి రోజే పూడ్చేసి ఉండాల్సింది. క్షమించండర్రా."

చప్పట్లు కొట్టాలో వద్దో జనానికి అర్థం కాలేదు. మేయరు గారు కొట్టారు కాబట్టి కొట్టారు.

ఆ వారం నుంచి నీవెస్ ల్యాబు గుమ్మం దగ్గర సీసాలు కనబడడం మొదలైంది. ఒకటి బడి పంపుది, ఒకటి వంటింటి కొళాయిది, పక్కనే పరీక్షకని ఒక కోడిగుడ్ల బుట్ట. పేర్లు లేవు. ఒకదాని మీద మాత్రం రొట్టెల దుకాణం సంచి చుట్టి ఉంది. నెలలో ముప్పై ఒకటి వచ్చాయి. నేనూ ఒకటి పట్టుకెళ్ళాను. నా మనవరాలు తాగే కొళాయి నీళ్ళు. సీసా మీద నేను రాసి అతికించిన చీటీ చూసి నీవెస్ పేరడిగింది.

"పేరెందుకమ్మా" అన్నాను.

"దస్తూరీ ఎక్కడో చూసినట్టుంది" అంది చీటీ వైపు చూస్తూ. నేను తలదించుకున్నాను. ఆవిడ మరి అడగలేదు. సీసా తీసుకుంది.

జలమండలి వారు కూడా ఊరుకోలేదు. ఈ వసంతమంతా శ్రమించి ఇరవై మూడు ఊళ్ళ రంగుల పటం విడుదల చేశారు. కొలతలో విషం బయటపడ్డ ఊళ్ళకి ఎరుపు, బయటపడని ఊళ్ళకి ఆకుపచ్చ. అంతవరకు ఎవరైనా కొలిచింది మా ఊరినే గనుక మాది ఒక్కటే ఎర్రగా ఉంది. చుట్టూ ఇరవై రెండు ఊళ్ళు పచ్చగా కళకళలాడుతున్నాయి. పక్క ఊరి మేయరు మాకు సానుభూతి లేఖ పంపాడు. వాళ్ళ ఊరి చివర ఇళ్ళ స్థలాలు అమ్మే బోర్డు మీద ఇప్పుడు "ఇక్కడి నీళ్ళు నేటి వరకు కొలవబడలేదు" అని పెద్ద అక్షరాలతో రాశారు. బాగా అమ్ముడుపోతున్నాయట.

చదువుతున్న మీరు మా గురించి బెంగపడకండి. మీ వీధికి వానలో తడుస్తూ సీసాల పెట్టెతో ఎవరూ రాలేదు కదా? అయితే మీదీ పచ్చటి ఊరే. అభినందనలు. హాయిగా ఒక గ్లాసు తాగండి.